కరవు రాకముందే కబురందుకునే జీవులు

శాస్త్రజ్ఞులు ఇప్పటివరకు గుర్తించి పేర్లు పెట్టిన కీటక జాతులు సుమారు 10 లక్షలు ఉన్నాయి. జంతు ప్రపంచంలో మరే వర్గానికీ ఇంత విస్తృతి లేదు. అయితే ఒక కీటకాన్ని విడిగా తీసుకుని పరిశీలిస్తే, కష్టకాలాన్ని గట్టెక్కడానికి దాని దేహం ఏమంత అనువైనదిగా కనిపించదు. పక్షులకూ క్షీరదాలకూ ఉన్నట్లు ఒంటి వేడిని నిలకడగా ఉంచుకునే ఏర్పాటు చాలా కీటకాలకు లేదు కాబట్టి, చుట్టూ ఉన్న గాలీ నేలా వేడెక్కితే అవీ వేడెక్కుతాయి, చల్లబడితే అవీ చల్లబడతాయి. ఒళ్లు చిన్నది కావడం వల్ల బరువుతో పోల్చినప్పుడు దాని ఉపరితలం చాలా ఎక్కువగా ఉంటుంది, అందువల్ల లోపలి నీరు త్వరగా ఆవిరైపోయే ప్రమాదమూ ఎక్కువే. చాలా జాతుల జీవితం వారాల్లోనో నెలల్లోనో ముగిసిపోతుంది కాబట్టి, ఒక్క నెల తిండి కరవైతే ఒక తరం మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు. ఇన్ని పరిమితులున్న జీవులు సుమారు 40 కోట్ల సంవత్సరాలుగా నెగ్గుకొస్తున్నాయంటే అందుకు ఓర్పు ఒక్కటే కారణమనడం సరికాదు. కష్టం వచ్చి పడ్డాక భరించడం కంటే, అది రాబోతున్నదని సూచనలను బట్టి పసిగట్టి, ఎదుగుదల వేగాన్నీ, శరీర రసాయనాలనూ, కొన్ని జాతుల్లో రూపాన్నీ మార్చుకోవడంలోనే వాటి అసలు బలం ఉంది. ఈ సంగతి అర్థమైతే పొలంలో పురుగు ఎప్పుడు బలంగా ఉంటుందో, ఎప్పుడు చేతికి చిక్కుతుందో కూడా తెలుస్తుంది.

జీవి సాధారణంగా బతకడానికి, పెరగడానికి, పిల్లలను కనడానికి అడ్డు తగిలే పరిస్థితి ఏదైనా దాని మీద ఒత్తిడి కిందికే వస్తుంది. ఎండ, చలి, నీటి ఎద్దడి, తిండి కొరత, మొక్క తన ఆకుల్లో దాచుకున్న విషం, మనిషి చల్లే మందు, ఇవన్నీ కీటకానికి ఒత్తిళ్లే. వీటిలో రోజువారీ ఎదురయ్యే చిన్న ఇబ్బందులకు పుట్టుకతోనే కొన్ని ఏర్పాట్లు ఉంటాయి. ఒంటి మీది గట్టి పెంకుపై పలచని మైనపు పొర ఉండి లోపలి తేమను పోనివ్వదు. పక్కల వెంట ఉండే శ్వాసరంధ్రాలను అవసరం లేనప్పుడు మూసి ఉంచుకునే వీలు ఉంటుంది. వ్యర్థాలను యూరిక్ ఆమ్లంగా మార్చి దాదాపు పొడిగా విసర్జించడం వల్ల నీరు వృథా కాదు. పొట్ట నిండా పరచుకుని ఉండే కొవ్వు దేహం అనే అవయవం రైతు ఇంటి గాదె వంటిది, కలిగినప్పుడు నింపుకుని లేనప్పుడు తీసి వాడుకోవడానికి పనికివస్తుంది. ఒక గ్రాము కొవ్వు ఒంట్లో దహనమైతే శక్తితో పాటు ఒక గ్రాము కంటే కాస్త ఎక్కువగానే నీరు పుడుతుంది. ధాన్యపు బస్తాలో తరాలకు తరాలు గడిపే పురుగులు నీటి చుక్కను చూడకుండా బతకగలగడానికి, తిండిలోని తేమకు ఈ నీరు తోడు కావడం ఒక కారణం.

పెద్ద కష్టానికి మాత్రం ఈ ఏర్పాట్లు చాలవు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం మెట్ట నేలల్లో వేరుశనగ రైతులకు ఎర్ర గొంగళి పురుగు తరతరాలుగా తెలుసు. వెన్నంతా ఎర్రటి గోధుమ రంగు వెంట్రుకలతో నిండి ఉండే ఈ పురుగు జూన్, జూలై నెలల్లో గుంపులుగా బయలుదేరి ఒక పొలం ఆకు తినేసి పక్క పొలంలోకి నడిచి వెళుతుంది. కానీ దాని జీవితంలో ఈ తిండి తినే కాలం కొద్ది వారాలే. బాగా ఎదిగిన పురుగు గట్ల పక్కన, చెట్ల నీడన నేలలోకి దిగి కోశస్థ దశలోకి మారుతుంది. పురుగుకూ రెక్కల పురుగుకూ మధ్య కదలకుండా ఉండే దశ అది. మామూలుగా అయితే ఆ దశ కొన్ని రోజుల్లో ముగిసి రెక్కల పురుగు బయటికి రావాలి. ఎర్ర గొంగళి పురుగు విషయంలో అది ఏడాదిలో తొమ్మిది, పది నెలల పాటు సాగుతుంది. పైన చలికాలం గడిచి, వేసవి ఎండలకు నేల పగుళ్లు విచ్చి, పచ్చని ఆకు కంటికి కనబడని రోజులన్నిటినీ ఆ జీవి నేలలో గోధుమ రంగు గుళికలా పడి ఉండి దాటేస్తుంది. తొలకరి గట్టిగా కురిసి తడి లోపలికి దిగిన కొద్ది రోజులకే రెక్కల పురుగులు సాయంత్రం వేళ నేల చీల్చుకుని గుంపులు గుంపులుగా పైకి వస్తాయి. తెల్లని రెక్కలపై గోధుమ రంగు చారలూ, ముందు అంచున పసుపు గీతా ఉండే ఆ తల్లి పురుగులు వందల సంఖ్యలో గుడ్లు పెడతాయి. గుడ్లు పొదిగే సమయానికి, అదే వానకు విత్తిన వేరుశనగ లేత ఆకు తొడిగి ఉంటుంది.

ఈ దీర్ఘ విరామాన్ని తెలుగు శాస్త్ర గ్రంథాలు సుప్తావస్థ అంటాయి, అంతర్జాతీయంగా దీన్ని డయాపాజ్ అంటారు. చలికి ముడుచుకుపోయిన చీమ కాస్త ఎండ తగలగానే తిరిగి నడక మొదలుపెట్టడం వేరు, సుప్తావస్థ వేరు. మొదటిది తాత్కాలికమైన స్తబ్ధత, పరిస్థితి మారగానే అదీ పోతుంది. సుప్తావస్థ హార్మోన్ల ఆధీనంలో నడిచే ఒక కార్యక్రమం. ఒకసారి మొదలైతే మధ్యలో పరిస్థితులు అనుకూలించినా దాని గడువు తీరేదాకా చాలా జాతుల్లో అది వీడదు. కోశస్థ దశలో సుప్తావస్థకు వెళ్లే అనేక జాతుల్లో మెదడు నుంచి వెలువడవలసిన ఒక హార్మోను ఆగిపోతుంది, దానితో రూపపరివర్తనను నడిపించే ఎక్డైసోన్ తయారు కాదు, ఎదుగుదల అక్కడే నిలిచిపోతుంది. శ్వాసక్రియ వేగం బాగా పడిపోయి, నిల్వ ఉన్న కొవ్వు నెలల తరబడి చాలుతుంది. డిసెంబరులో అకాలంగా ఒక వాన కురిస్తే మోసపోయి బయటికి వచ్చే ప్రమాదాన్ని ఈ గడువే తప్పిస్తుంది.

సుప్తావస్థకు వెళ్లాలా వద్దా అనే నిర్ణయం ఎప్పుడు జరుగుతుందన్నది ఇంకా ఆసక్తికరమైన ప్రశ్న. మల్బరీ పట్టుపురుగులో ఆ నిర్ణయం తల్లి చేస్తుంది, అది కూడా తల్లి ఇంకా గుడ్డులో పిండంగా ఉన్నప్పుడే. హిందూపురం, మదనపల్లె ప్రాంతాల్లో పట్టు రైతులు పెంచే, ఏడాదికి రెండు తరాలిచ్చే బైవోల్టైన్ రకాల గుడ్లను సుమారు 25 డిగ్రీల వెచ్చదనంలో, ఎక్కువ వెలుతురులో పొదిగిస్తే, వాటి నుంచి పెరిగి పెద్దవైన చిలుకలు పెట్టే గుడ్లు సుప్తావస్థలోకి వెళతాయి. అదే గుడ్లను 15 డిగ్రీల చలిలో, చీకట్లో పొదిగిస్తే తరువాతి తరం గుడ్లు ఆగకుండా పొదుగుతాయి. తల్లి పిండంగా ఉన్నప్పుడు అనుభవించిన వేడీ వెలుతురూ వేసవిని సూచిస్తాయి, అంటే తన పిల్లలు పుట్టేనాటికి చలికాలం దగ్గరపడుతుందని అర్థం. తల్లి శరీరంలో ఆహారనాళం కింద ఉండే చిన్న నాడీగ్రంథి నుంచి విడుదలయ్యే హార్మోను ఈ కబురును గుడ్లకు చేరుస్తుందని జపాన్ శాస్త్రజ్ఞులు ఫుకుదా, హసెగావా 1951లో వేర్వేరుగా నిరూపించారు. పట్టు గుడ్లు తయారుచేసే గ్రెయినేజీల్లో గుడ్లకు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో శుద్ధి చేసేది ఈ సుప్తావస్థను తప్పించి, రైతుకు కావలసిన తేదీకి గుడ్లు పొదిగేలా చేయడానికే.

ఇంతకంటే విపరీతమైన ఉదాహరణ ఆఫ్రికాలో ఉంది. ఉత్తర నైజీరియా బండరాళ్ల మీది చిన్న గుంటల్లో నిలిచే వాన నీటిలో పోలిపెడిలమ్ వాండర్‌ప్లాంకి అనే కుట్టని దోమ జాతి పురుగు పెరుగుతుంది. ఆ గుంటలు రోజుల వ్యవధిలో ఎండిపోతాయి. నీరు ఇంకడం మొదలవగానే ఆ పురుగు తన ఒంట్లో ట్రెహలోజ్ అనే చక్కెరను విపరీతంగా తయారుచేసుకుంటుంది, పొడి బరువులో అయిదో వంతు దాకా ఆ చక్కెరే ఉంటుంది. కణాల నుంచి నీరు పోయిన చోట ఈ చక్కెర గాజులా గట్టిపడి ప్రోటీన్లనూ కణపొరలనూ చెదరకుండా పట్టి ఉంచుతుంది. ఒంట్లో 3 శాతం నీరు మాత్రమే మిగిలిన ఆ పురుగులో శ్వాస గానీ, జీర్ణక్రియ గానీ గుర్తించదగిన స్థాయిలో ఉండవు. 17 సంవత్సరాలు ఎండి ఉన్న పురుగులు సైతం నీటిలో వేయగానే తిరిగి కదిలాయి. బ్రిటిష్ కీటక శాస్త్రజ్ఞుడు హింటన్ ఎండిన పురుగులను 102 డిగ్రీల వేడిలో ఒక నిమిషం, మైనస్ 270 డిగ్రీల చలిలో అయిదు నిమిషాలు ఉంచి తీసినా అవి బతికాయి. అయితే వాటిని ఉన్నట్టుండి ఎండబెడితే మాత్రం చచ్చిపోతాయి, చక్కెర తయారీకి దాదాపు రెండు రోజుల వ్యవధి కావాలి. ఇంతటి మొండి జీవికి కూడా ముందస్తు కబురు అందకపోతే గండం గడవదన్నమాట.

తిండి కొరతకు కీటకాలు స్పందించే తీరు నీటి కొరతకు స్పందించే తీరు కంటే వైవిధ్యమైనది. గోదాముల్లో గోధుమలనూ పప్పులనూ పాడుచేసే ఖాప్రా పురుగు తిండి లేనప్పుడు గోడ పగుళ్లలో, గోనెసంచుల మడతల్లో దూరి నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి కాచుకుని ఉంటుంది. దాని దగ్గరి బంధువైన మరొక జాతి మీద అమెరికాలో స్టాన్లీ బెక్, భరద్వాజ్ 1972లో ప్రచురించిన పరిశోధన అప్పటి జీవశాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరిచింది. ఆ పురుగులను పస్తు పెడితే అవి మామూలుగా పెరగడానికి చర్మం విడిచినట్లే విడుస్తూ, విడిచిన ప్రతిసారీ ముందుకంటే చిన్నవవుతూ వెనక్కి తగ్గాయి. తిరిగి తిండి పెడితే మళ్లీ పెరిగాయి. గోదాము ఖాళీ చేసి ఊడ్చినంత మాత్రాన పురుగు పోయినట్లు కాదని నిల్వల నిపుణులు పదేపదే చెప్పడం వెనక ఉన్న జీవశాస్త్రం ఇదే.

అయితే పస్తుండి కాచుకోవడం కొన్ని జాతులకే సాధ్యం. చాలా కీటకాలకు మేలైన మార్గం చోటు మారడం, ఆ కళలో వరి సుడిదోమను మించినది అరుదు. 3 నుంచి 5 మిల్లీమీటర్ల పొడవుండే ఈ గోధుమ రంగు దోమ వరి దుబ్బు అడుగున, నీటి మట్టానికి కాస్త పైన గుంపులుగా చేరి రసం పీలుస్తుంది, దాడి ముదిరితే మడిలో పైరు వలయాలుగా సుడి సుడిగా ఎండిపోతుంది. ఒకే తల్లికి పుట్టిన పిల్ల దోమలు పెద్దవయ్యేసరికి రెండు రూపాల్లో ఏదో ఒకటి పొందుతాయి. ఒకటి పొట్టి రెక్కలది, ఎగరలేదు, కానీ త్వరగా గుడ్లు పెట్టడం మొదలుపెట్టి ఎక్కువ పెడుతుంది. రెండోది నిండు రెక్కలది, దూరాలు ఎగరగలదు, దాని బలంలో కొంత భాగం రెక్కలకూ వాటిని ఆడించే కండరాలకూ పోవడం వల్ల సంతానం ఆలస్యమవుతుంది. పైరు లేతగా, రసం పుష్టిగా ఉన్నంతకాలం పొట్టి రెక్కలవి ఎక్కువగా పుడతాయి. పైరు ముదిరి, దోమ గుంపు పెరిగి, ఇక ఆ మడిలో ఎక్కువ రోజులు గడవదన్న స్థితి వచ్చేసరికి నిండు రెక్కలవి ఎక్కువవుతాయి.

ఈ ఎంపిక ఏ మీట మీద నడుస్తుందో 2015లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో వివరించారు. మనిషిలో చక్కెర వ్యాధితో ముడిపడిన ఇన్సులిన్ వంటి హార్మోన్లే కీటకాల్లోనూ ఒంట్లోకి తిండి ఎంత చేరుతున్నదో కణాలకు తెలియజేస్తాయి. సుడిదోమలో ఆ కబురును అందుకునే గ్రాహకాలు రెండు ఉన్నాయని, మొదటిది పనిచేస్తే నిండు రెక్కలు, దాన్ని రెండోది అణచివేస్తే పొట్టి రెక్కలు వస్తాయని వారు తేల్చారు. ముదిరే వరి మొక్కలో గ్లూకోజు పెరగడం నిండు రెక్కలవైపు తూకం మొగ్గేలా చేస్తుందని ఆ తరువాతి పరిశోధనలు చెప్పాయి. ఇక దోమ పీల్చే రసంలో చక్కెరకు కొదవ లేకపోయినా ప్రోటీన్ల తయారీకి కావలసిన నత్రజని తక్కువ. ఆ కొరతను దాని కొవ్వు దేహంలో కాపురముండే ఈస్టు వంటి సూక్ష్మజీవులు తీరుస్తాయి, దోమ ఒంట్లో చేరిన యూరిక్ ఆమ్లాన్ని అవి తిరిగి వాడుకోదగిన నత్రజనిగా మారుస్తాయి. యూరియా మోతాదు మించిన మడిలో దోమకు ఆ పాటి కొరత కూడా ఉండదు. అందుకే ఎక్కువ యూరియా వేసిన ముదురాకుపచ్చ పైరులో దోమపోటు తరచుగా ముందు కనిపిస్తుంది.

నిండు రెక్కల సుడిదోమ ప్రయాణం పక్క మడితో ఆగదు. జపాన్ చలికాలాన్ని ఈ దోమ తట్టుకోలేదు, అయినా ఏటా జూన్, జూలైలలో అక్కడి వరి మడుల్లో ప్రత్యక్షమవుతుంది. 1967లో జపాన్ ప్రధాన భూభాగానికి దక్షిణంగా సుమారు 500 కిలోమీటర్ల దూరంలో సముద్రం మీద ఉన్న వాతావరణ పరిశీలక నౌకపైకి ఈ దోమల గుంపులు వచ్చి వాలడంతో, అవి గాలివాటున సముద్రం దాటి వస్తున్నాయని రుజువైంది. దక్షిణ చైనా, వియత్నాం వైపు పంట ముదిరేసరికి అక్కడి దోమ రెక్కలు తొడుక్కుని బయలుదేరుతుందన్నమాట. మడి సుడులుగా ఎండిపోయాక మందు డబ్బా భుజానికెత్తుకునే రైతు సాధారణంగా ఆలస్యంగానే వస్తున్నాడని దీన్ని బట్టి చెప్పాలి, అప్పటికే తరువాతి తరానికి రెక్కలు వచ్చి ఉంటాయి. పైగా సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు సుడిదోమను తినే సాలీళ్లనూ మిరిడ్ నల్లులనూ ముందు చంపి దోమను ఇంకా పెంచుతాయి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీయడం, నీటిని అప్పుడప్పుడు తీసి మడిని ఆరబెట్టడం, పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానం అందించిన చైతన్య, కృష్ణవేణి, విజేత వంటి దోమను తట్టుకునే రకాలను వేయడం, ఇవన్నీ పైరు దశలోనే దోమ లెక్కను తలకిందులు చేసే పద్ధతులు.

తిండి కొరత ఒంటరి జీవిని గుంపుగా మార్చడం మిడతల్లో కనిపిస్తుంది. ఎడారి మిడత మామూలు రోజుల్లో తోటి మిడతకు దూరంగా ఉండే, రాత్రిపూట ఎగిరే, నేల రంగులో కలిసిపోయే జీవి. ఒకే జాతి మిడత ఒంటరి రూపంలోనూ దండు రూపంలోనూ ఉండగలదని రష్యన్ శాస్త్రజ్ఞుడు బోరిస్ ఉవరోవ్ 1921లో ప్రతిపాదించేవరకు ఆ రెండిటినీ వేర్వేరు జాతులుగానే భావించేవారు. వాన ఎక్కువ పడిన ఏడాది ఎడారిలో పచ్చిక పెరిగి మిడతలు వృద్ధి చెందుతాయి. ఆ పచ్చిక ఎండడం మొదలయ్యాక మిగిలిన చిన్న పచ్చని పాయల మీద అన్నీ ఒక్కచోట చేరక తప్పదు. అక్కడ వెనక కాళ్లకు పదేపదే ఒరిపిడి తగిలితే నాడీమండలంలో సెరటోనిన్ పెరిగి, సుమారు రెండు గంటల్లోనే మిడత ప్రవర్తన మారిపోతుందని 2009లో తేలింది. దండు ముందుకు సాగడం వెనక ఆకలి ఉన్న మాట నిజమే, దానితో పాటు వెనకున్న మిడత కొరుకుతుందన్న బెదురు కూడా ఉందని మరో పరిశోధన చూపింది, ప్రోటీను కరవైన మిడతలు ఒకదాన్నొకటి తినడానికి వెనకాడవు. 2018లో మెకును, లుబాన్ తుపాన్లు అరేబియా ఎడారిలో కురిపించిన వానలు అక్కడ మొదలుపెట్టిన సంతానవృద్ధి 2020 మే నాటికి రాజస్థాన్ మీదుగా మహారాష్ట్ర విదర్భ దాకా మిడతల దండును తెచ్చింది, తెలంగాణ తన సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేసుకోవలసి వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం ఒక చదరపు కిలోమీటరు దండులో సుమారు 4 కోట్ల మిడతలుండి, రోజుకు 35,000 మంది తినే తిండిని తినేస్తాయి.

వేడి విషయానికి వస్తే ముందుచూపుకు సహారా వెండి చీమ మంచి సాక్ష్యం. వేటాడే బల్లులు ఎండకు కలుగుల్లోకి పోయిన కొద్ది నిమిషాల వ్యవధిలో మాత్రమే ఈ చీమ బయటికి వచ్చి ఎండకు చచ్చిన పురుగులను ఏరుకుంటుంది, అప్పుడు దాని ఒంటి వేడి 50 డిగ్రీలు దాటుతుంది. వేడికి ప్రోటీన్లు ముడతపడి చెడిపోకుండా కాపాడే ప్రత్యేక ప్రోటీన్లు అన్ని జీవుల్లోనూ ఉంటాయి. ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫెరుచియో రితోస్సా 1962లో ఈగల జన్యుపోగుల మీద వేడి ప్రభావాన్ని చూడడంతో వీటి కథ మొదలైంది, అందుకే వాటికి హీట్ షాక్ ప్రోటీన్లనే పేరు స్థిరపడింది. చాలా జీవులు వేడి తగిలాక వాటిని తయారుచేసుకుంటే, వెండి చీమ పుట్ట నుంచి బయటికి రాకముందే సిద్ధం చేసుకుంటుంది. కానీ ఉష్ణమండలంలోని చాలా కీటకాలు ఇప్పటికే తాము తట్టుకోగల వేడికి దగ్గరగా బతుకుతున్నాయని, భూతాపం పెరిగితే ముందు దెబ్బతినేవి అవేనని 2008 నాటి ఒక విశ్లేషణ హెచ్చరించింది. దీన్ని బట్టి పురుగు బెడద తానే తగ్గుతుందనుకోవడం పొరపాటు. వేడి పెరిగితే పురుగు ఆకలీ పెరుగుతుంది, భూమి సగటు ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ వరి, మొక్కజొన్న, గోధుమ పంటలకు కీటకాల వల్ల కలిగే నష్టం 10 నుంచి 25 శాతం అధికం కావచ్చని 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అంచనా చెబుతోంది. అదే ఏడాది కర్ణాటకలో బయటపడి తెలుగు రాష్ట్రాల మొక్కజొన్నకు పాకిన కత్తెర పురుగుకు సుప్తావస్థే లేదు. అమెరికాలో చలికాలం రాగానే ఉత్తరాది పొలాల్లో చచ్చిపోయి, మరుసటి వేసవికి దక్షిణం నుంచి మళ్లీ వలస వెళ్లవలసిన ఆ పురుగుకు, చలి పెద్దగా లేకుండా ఏడాది పొడవునా మొక్కజొన్న దొరికే నేలలో ఆ శ్రమ తప్పింది.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఒక్కొక్క జీవి తన జీవితకాలంలోనో, తన పిల్లల కాలంలోనో చేసుకునే సర్దుబాట్లు. విషాల విషయంలో జరిగేది వేరు. "పురుగు మందుకు అలవాటు పడింది" అనే మాట ఊళ్లల్లో తరచుగా వినిపిస్తుంది గానీ, ఏ ఒక్క పురుగూ మందుకు అలవాటు పడదు. లక్షల పురుగుల్లో ఏ కొద్దింటికో పుట్టుకతోనే మందును విరిచేసే శక్తి ఉంటుంది, మందు చల్లితే మిగిలినవి చచ్చి అవి బతుకుతాయి, వాటి సంతానమే పొలమంతా నిండుతుంది. ఆ శక్తి కూడా ఎక్కడి నుంచో ఊడిపడింది కాదు. మొక్కలు పురుగుల నుంచి కాపాడుకోవడానికి కోట్ల ఏళ్లుగా విషాలు తయారుచేస్తుంటే, వాటిని విరిచే ఎంజైములను పురుగులూ పెంచుకుంటూ వచ్చాయి. జిల్లేడు ఆకు తిని బతికే టైగర్ సీతాకోకచిలుకల కుటుంబంలో, ఆ ఆకులోని విషం దాడి చేసే సోడియం పంపు అనే ప్రోటీనే స్వల్పంగా మారి విషానికి లొంగకుండా తయారైంది. వందకు పైగా మొక్కల మీద బతికే శనగపచ్చ పురుగు అటువంటి అనేక విషాలను చూసి వచ్చినదే. 1980ల మొదట్లో పైరిథ్రాయిడ్ మందులు మన పత్తిలోకి వచ్చాయి. 1987-88 నాటికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నిసార్లు చల్లినా ఈ పురుగు చావలేదు. పంట పోయి, మందుల అప్పులు మీదపడి రైతులు ఆత్మహత్యలు చేసుకున్న ఆ సీజను రాష్ట్ర వ్యవసాయ చరిత్రలో చీకటి అధ్యాయంగా మిగిలింది. మందు బలం పెంచితే పురుగు ఓడుతుందన్న నమ్మకం అక్కడే తప్పని తేలింది.

ఆ అనుభవం తరువాత 2002లో, పురుగును చంపే బాక్టీరియా జన్యువును చేర్చిన బీటీ పత్తి వచ్చింది, శనగపచ్చ పురుగును చాలావరకు అదుపు చేసింది. గులాబీ రంగు పురుగు మాత్రం దాన్ని ఓడించింది. మొదటి తరం బీటీకి ఈ పురుగు గుజరాత్‌లో నిరోధకత పెంచుకున్నట్లు 2010లో వెల్లడైంది, తరువాత రెండు జన్యువుల బీటీ సైతం దాని ముందు నిలబడలేదు. నిరోధకత ఆలస్యం కావాలంటే పొలం అంచున కొంత బీటీ కాని పత్తి ఉండాలి, అక్కడ బతికిన మామూలు పురుగులు బీటీని తట్టుకున్న పురుగులతో జతకట్టి ఆ శక్తిని పలచన చేస్తాయి. అందుకోసమే 450 గ్రాముల బీటీ పాకెట్టుతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనాల పాకెట్టు ఇచ్చేవారు, దాన్ని విత్తిన రైతులు తక్కువ. అమెరికాలో రైతులు ఆ నియమాన్ని పాటించడం, తరువాత సంతానశక్తి లేని రెక్కల పురుగులను కోట్ల సంఖ్యలో వదలడం వల్ల 2018లో అక్కడి పత్తి ప్రాంతాల నుంచి ఈ పురుగును పూర్తిగా తొలగించినట్లు ప్రభుత్వం ప్రకటించింది.

ఎర్ర గొంగళి పురుగు లాగే గులాబీ రంగు పురుగుకూ సుప్తావస్థ ఉంది. పగటి నిడివి తగ్గడం, చలి సోకడం, కాయలో ముదిరి నూనె పట్టిన గింజలే తిండి కావడం, ఈ మూడు సూచనలూ కలిస్తే అది రెండు గింజలను కలిపి కుట్టుకుని లోపల ముడుచుకుంటుంది. హైదరాబాద్‌లో ఏడాదిలోకెల్లా పొడవైన పగటికీ పొట్టి పగటికీ తేడా రెండు గంటలకు కాస్త ఎక్కువే తప్ప మరీ ఎక్కువ కాదు, ఆ కొద్ది తేడా కూడా దానికి సరిపోతుంది. పంటను ఫిబ్రవరి, మార్చి దాకా లాగితే ఆ పురుగుకు తిండీ దొరుకుతుంది, దాక్కోవడానికి కాయా దొరుకుతుంది. ఎర్ర గొంగళి పురుగు నేలలో పడుకున్నప్పుడు వేసవి దుక్కి లోతుగా దున్ని దాన్ని ఎండకూ పక్షులకూ అప్పగించడం, తొలకరికి రెక్కల పురుగు లేచిన సాయంత్రాల్లో ఊరంతా కలిసి మంటలు వేయడం, పొలాల మధ్య గాడి తీసి జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు వేసి నడిచే పురుగును పట్టడం రాయలసీమ రైతుకు తెలిసినవే. పత్తి రైతు చేయవలసింది కూడా ఆ కోవలోనిదే. డిసెంబరు, జనవరి నాటికి పంట ముగించి, రాలిన గుడ్డి కాయలను ఏరి, మోళ్లను పీకి పొలంలోనే ముక్కలు చేసి కలియదున్నాలి. వంటచెరకు కోసం ఆ మోళ్లను ఇంటి పక్క కుప్ప వేస్తే వాటికి అంటుకుని ఉన్న ఎండు కాయల్లోని పురుగు వచ్చే ఖరీఫ్ దాకా అక్కడే భద్రంగా ఉండి, కొత్త పంట పూతకొచ్చే వేళకు రెక్కలతో బయటికి వస్తుంది.